గుల్లరేవు ప్రారంభకులు

గుల్లరేవులో ఎవరికీ చేపలు పట్టిన అనుభవం లేదని ప్రభుత్వం తేల్చిన రోజున, మైలపల్లి కోర్లయ్య తన తెప్ప నీడలో కూర్చుని గాలానికి పదును పెట్టుకుంటున్నాడు. అప్పటికతని వయసు యాభై తొమ్మిది. అందులో నలభై ఆరేళ్లు నీళ్ల మీదే గడిచాయి. పదమూడో ఏట తండ్రి అతని చూపుడువేలికి గాలం తాడు చుట్టి, "ఇక నుంచి నీ యేలే నీకు కన్ను" అని తెప్ప ఎక్కించాడు. ఆ వేలు ఇంతవరకూ ఎన్ని చేపల్ని కనిపెట్టిందో కోర్లయ్యకి తెలియదు. ప్రభుత్వానికి మాత్రం కచ్చితంగా తెలుసు. సున్నా.

ఇదెలా తేలిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సాగర మత్స్య శాఖ డైరెక్టరు గారు ఆ మధ్య కుటుంబ సమేతంగా ఎక్కడో ఒక సముద్రతీరానికి విహారానికి వెళ్లారు. అక్కడ టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, చేతిలో గాలం కర్రతో, ఏ అవసరమూ లేకుండా చేపలు పడుతున్నాడు. ఆ దృశ్యం డైరెక్టరు గారిని కదిలించేసింది. తిరిగొచ్చిన మర్నాడే అధికారుల సమావేశం పెట్టి, "మనకు ఇంత పొడవైన తీరం ఉంది. మన పౌరులకు ఇంత తీరిక ఉంది. ఈ రెంటినీ అనుసంధానం చేసే నాథుడే లేడు" అని బాధపడ్డారు. ఆ బాధలోంచి 'సాగర గాలపు వేట ప్రారంభక ప్రోత్సాహక పథకం' పుట్టింది. జిల్లాకి మూడు వందల మంది చొప్పున, జన్మలో చేప పట్టనివాళ్లను ఎంచి, వాళ్లకి సరైన సరంజామా ఇచ్చి, వేట మొదలుపెట్టించాలి. పథకం కంటే ముందు సరంజామా వచ్చేసింది. మూడు వందల గాలం కర్రలు, మూడు వందల ప్లాస్టిక్ రొయ్యలు, 'నేను మొదలుపెట్టాను' అని అచ్చువేసిన మూడు వందల టోపీలు.

పట్నంలో ప్రకటన వేస్తే నలుగురొచ్చారు. ఒకాయన టోపీ ఒక్కటే ఇస్తారా అని అడిగారు. ఇంకొకాయన ఎండ లేని సముద్రం ఏదైనా ఉందా అన్నారు. మూడో ఆయన తెప్ప మీద బాత్రూం ఎటువైపు ఉంటుందో కనుక్కుని వెళ్లిపోయారు. నాలుగో ఆయన నిజంగానే రేవు దాకా వచ్చి, గాలానికి గుచ్చే ఎరని చూసి, స్కూటరెక్కి మళ్లీ కనిపించలేదు.

అసిస్టెంట్ డైరెక్టరు త్రివిక్రమరావు గారికి గుండెల్లో రాయి పడింది. ఆయన్ని అందరూ ఏడీ గారంటారు. మనిషి చెడ్డవాడు కాదు. మత్స్యశాఖలో ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. సముద్రంలో చీలమండ దాటి దిగింది లేదు. పది నెలల్లో రిటైరవుతారు. ఇంతకాలం ఏ లక్ష్యమూ తప్పలేదన్న మంచిపేరుతో ఇంటికి పోవాలని ఆయన కోరిక. ఆలోచించగా ఆలోచించగా ఆయనకొక సంగతి తట్టింది. గుల్లరేవులో వేటకి వెళ్లే మగవాళ్లు సరిగ్గా మూడు వందల మంది. వాళ్లలో ఏ ఒక్కడైనా ఫలానా తేదీన చేపలు పట్టడం మొదలుపెట్టాడని ఏ ఆఫీసులోనూ ఏ కాగితమూ లేదు. రికార్డులో మొదలుపెట్టనివాడు మొదలుపెట్టనట్టే కదా!

వేట నిషేధం రోజులు. తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. పడవలు ఫైబర్‌వైనా ఊళ్లో వాటిని తెప్పలనే అంటారు. ఏడీ గారు జీపు దిగి, వలలల్లుకునే షెడ్డు కింద ఊరందరినీ కూర్చోబెట్టారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది. "మీరందరూ ప్రారంభకులుగా గుర్తింపబడినారు. అందులకు మా అభినందనలు. ప్రారంభక కార్డు పొందినవారి తెప్పలకు మాత్రమే ఈ సీజనులో నంబరు పునరుద్ధరింపబడును. నంబరు లేని తెప్ప సముద్రములో ప్రవేశించరాదు."

దరఖాస్తులు పంచారు. ఏడో గడిలో 'ఇంతకుముందు సముద్రములో చేపలు పట్టిన అనుభవము' అని ఉంది. దాని ఎదురుగా 'లేదు' అని ముందే అచ్చువేసి ఉంది.

కోర్లయ్య బావమరిది దేసయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే బాబూ, మేం ఎప్పుడూ సేపలు పట్టనేదని రాయాలా?"

"రాయనవసరం లేదు. అచ్చులోనే ఉంది. సంతకం చాలు."

వెనకనుంచి కోర్లయ్య లేచి నిలబడ్డాడు. "మరి మొన్నటిదాకా మా ఆడోళ్లు తట్టల్లో ఎట్టుకుని బజార్లో అమ్మినయ్యేటి బాబూ?"

ఏడీ గారు కాసేపు ఆలోచించారు. "అది విక్రయ విభాగపు పరిధి. సదరు చేపలు తట్టలోనికి ఏ విధముగా వచ్చినవన్నది మా విభాగమున నమోదు కాలేదు."

షెడ్డంతా ఘొల్లుమంది. నవ్వుకుంటూనే అందరూ వరసగా సంతకాలు పెట్టేశారు. సీజను మొదలవుతోంది, నంబరు కావాలి, కాగితం మీద ఒక గీత గీస్తే పోయేదేముంది! సాయంత్రానికి రెండు వందల తొంభై తొమ్మిది అయ్యాయి. ఒక్కటి తక్కువ. ఏడీ గారు రెండుసార్లు లెక్కపెట్టి, తలెత్తి కోర్లయ్య వైపు చూశారు. కోర్లయ్య సముద్రం వైపు చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక భార్య మసేనమ్మ అందుకుంది. "సంతకమే గదా! గీసి పారెయ్యక నీకేటి రోగం?"

"నలభై ఆరేళ్లే! పట్టనేదని నా సేత్తో నేనెలా రాసీది? రేపు నీల్లలో తాడు వదిల్తే ఈ యేలు నన్నడగదా, నువ్వెవడివిరా అని?"

"ఓలమ్మా, నీ యేలుకి నోరు గూడా వచ్చిందేటి!" అని మసేనమ్మ కంచంలో కూర వడ్డించింది. మొగుడు కూర ముట్టకుండా చెయ్యి కడుక్కోవడం చూసి మరి రెట్టించలేదు. నలభై ఒకటో నంబరు తెప్ప అంటే ఆయనకెంత ప్రాణమో ఆవిడకి తెలుసు. అది నీళ్లలోకి దిగకపోతే ఈ మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో కూడా తెలుసు.

మూడో నాడు ఏడీ గారి ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులొచ్చి కోర్లయ్య తెప్ప మీది 41ని గీకి పారేశారు. ఏటా తన చేత్తో ఎర్ర రంగు పూసి దిద్దుకునే అంకెలవి. గీకుతున్నంతసేపూ అక్కడే నిలబడి చూశాడు. చివరికి నాలుగులో ఒక కాలు ఎంతకీ పోలేదు. "ఉండండి, అది పాత రంగు, ఇలా రాదు" అని తనే ఉప్పుకాగితం తెచ్చిచ్చాడు. ఇచ్చి, తెప్ప అవతల పక్కకి పోయి కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారమే కమ్యూనిటీ హాల్లో శిక్షణ మొదలైంది. హాలు మధ్యలో ఒక సిమెంటు తొట్టె కట్టి, లోపల నీలం రంగు వేసి, దాన్ని 'నమూనా సముద్రం' అన్నారు. శిక్షకుడు హేమసుందర్ అనే ఇరవై ఆరేళ్ల కుర్రాడు. ఈతకొలనులో నిర్వహించిన పది రోజుల కోర్సులో మాస్టర్ ట్రైనర్ పట్టా పుచ్చుకున్నాడు. పాపం, మర్యాదస్తుడే.

"ఈరోజు మన అంశం, సరైన సరంజామాను ఎంచుకోవడం," అన్నాడు హేమసుందర్. "వంజరం చేపకి ఏ గాలం వాడాలి? ఎ, చిన్నది. బి, మధ్యరకం. సి, ఏడో నంబరు."

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఒకాయన లోతెంతని అడిగాడు. ఇంకొకాయన నీరు తేటా బురదా అన్నాడు. మరొకాయన, వారపోటు, అంటే నీటి ప్రవాహం, ఉత్తరానికా దక్షిణానికా తెలిస్తే గానీ చెప్పలేనన్నాడు. హేమసుందర్ పుస్తకం చూసి, "సరైన జవాబు సి" అన్నాడు. రెండు వందల తొంభై తొమ్మిది మంది పుస్తకాల్లో సి అని రాసుకున్నారు.

కోర్లయ్య కిటికీ బయట నిలబడి అంతా చూస్తున్నాడు. లోపలికి రానివ్వరు, అతను ప్రారంభకుడు కాడు.

అసలు చిక్కు ముడి దగ్గర వచ్చింది. గాలానికి తాడు ముడి వెయ్యమంటే దేసయ్య అలవాటు కొద్దీ హేమసుందర్ ముఖం చూస్తూ, వేళ్ల వైపు చూడకుండానే, ఇలా అనేలోగా వేసిపడేశాడు. పరిశీలనకొచ్చిన ఏడీ గారి కనుబొమలు పైకి లేచాయి.

"ఎంతసేపు పట్టింది?"

"నాలుగు సెకన్లు సార్," అన్నాడు హేమసుందర్.

"ప్రారంభకునికి నిర్దేశించిన కాలవ్యవధి మూడు నిమిషములు. నాలుగు సెకన్లలో ముడి వేయుట అనుభవమును దాచిపెట్టుటగా పరిగణింపబడును. ఇది మొదటి హెచ్చరిక. రెండవసారి పునరావృతమైనచో కార్డు రద్దు!"

దేసయ్యకి చెమటలు పట్టాయి. ఆ సాయంత్రం నుంచి గుల్లరేవులో చేతకానితనం సాధన మొదలైంది. అరుగుల మీద మగాళ్లందరూ కూర్చుని, గాలం ఎలా జారవిడవాలో, తాడు ఎలా చిక్కుపడెయ్యాలో, కర్రని తలకిందులుగా ఎలా పట్టుకోవాలో ఒకళ్లకొకళ్లు నేర్పుకున్నారు. ముడి మూడు నిమిషాలు లాగించడం అన్నిటికంటే కష్టమైంది. దేసయ్య మధ్యలో ఒక చుట్ట కాల్చుకుని సరిపెట్టాడు. మసేనమ్మ ఆ వైపుగా వెళ్తూ చూసి, తట్ట దించేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"తమ్ముడా! రానట్టు సెయ్యమంటే నీకు మరీ ఇంత బాగా రాదేటిరా!"

పరీక్షలో అందరూ దివ్యంగా తప్పారు కాబట్టి అందరూ పాసయ్యారు. టోపీలు పెట్టుకుని ఫోటో దిగారు. కోర్లయ్య ఆ గుంపులో లేడు. అతను రోజూ పొద్దున్నే వెళ్లి నంబరు లేని తెప్పలో కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి లేచి వచ్చేవాడు.

నిషేధం ముగిసింది. తెల్లవారుతూనే తీరమంతా జనం. పచ్చ జెండా పట్టుకుని ఏడీ గారు, రిజిస్టరు పట్టుకుని హేమసుందర్ సిద్ధంగా ఉన్నారు. నంబర్లున్న తెప్పలు అరవై ఒకటి. అరవై రెండోది ఓ పక్కన, దాని మీద కోర్లయ్య.

మొదటి తెప్పని నీళ్లలోకి తోస్తుండగా హేమసుందర్ రిజిస్టరు తెరిచి, మూడో గడి చూసి, గట్టిగా అడిగాడు. "ఎక్కడికి వెళ్తున్నారు?"

తోస్తున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడుగుతారా ఎవరైనా! తెప్పని వెనక్కి లాగారు. అందరూ ఇళ్లకి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చారు. హేమసుందర్ నిబంధన ప్రకారం మళ్లీ అడిగాడు. మళ్లీ వెనక్కి పోయారు. అలా మూడుసార్లు జరిగేసరికి ఊళ్లో బిందెలు ఖాళీ అయ్యాయి. మసేనమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చి, "నాయనా, నీకు పున్నెముంటాది, ఆల్లు తిరిగొచ్చినాక అడుగు, ఎక్కడినుంచొచ్చినారని!" అంది. హేమసుందర్‌కి ఇది సబబుగానే తోచింది. మూడో గడి ఖాళీగా వదిలేశాడు.

ఏడీ గారు జెండా ఎత్తారు. ఊపబోతూ, అలవాటు కొద్దీ, పథకం మార్గదర్శకాలు చివరిసారిగా తిరగేశారు. జెండా కిందికి దిగింది.

"ఆగండి! పద్నాలుగవ నిబంధన. 'ప్రారంభకుల భద్రత దృష్ట్యా, కనీసము ఒక అనుభవజ్ఞుడైన మత్స్యకారుని పర్యవేక్షణ లేకుండా ఏ ప్రారంభకుని తెప్పయూ సముద్రములోనికి పోరాదు.'" ఆయన తలెత్తారు. "మీలో అనుభవజ్ఞులు ఎవరు?"

అందరూ సంతకం పెట్టినవాళ్లే. రెండు వందల తొంభై తొమ్మిది టోపీలు మెల్లగా ఒకే పక్కకి తిరిగాయి. ఆ పక్కన కోర్లయ్య కాళ్లు చాపుకుని గాలాల డబ్బా సర్దుకుంటున్నాడు.

ఏడీ గారు ఇసుకలో నడుచుకుంటూ వచ్చారు. "కోర్లయ్యా, నీకు అనుభవం ఉందా?"

"ఏమో బాబూ," అన్నాడు కోర్లయ్య. పది రోజుల తర్వాత మొదటిసారి అతనికి హుషారొచ్చింది. "ఏడో గడిలో నేదని అచ్చేసినారు గదా!"

"నీవు సంతకము చేయలేదు కదా. కావున నీకు 'లేదు' వర్తించదు. అయితే ఒక్కనివి అరవై ఒక్క తెప్పలలో ఎట్లుందువు?"

డైరెక్టరు గారికి ఫోన్ చేశారు. ఆయన అవతల ఏదో ప్రారంభోత్సవంలో ఉన్నారు. "తెప్పలన్నింటినీ ఒకే తాడుతో కట్టండి. అనుభవజ్ఞుడు ముందు తెప్పలో ఉంటే, సాంకేతికంగా అన్నింటిలో ఉన్నట్టే" అని పెట్టేశారు.

కట్టారు. ఏడు తెప్పలు కట్టేసరికి అల వచ్చింది. ముందుది ఉత్తరానికి, వెనకది దక్షిణానికి తిరిగాయి; మధ్యవి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. దేసయ్య నిలువునా తడిసి, తన తెప్పలోంచి పక్క తెప్పలో పడ్డాడు. గట్టు మీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఏడీ గారు ఆ ప్రక్రియను విరమింపజేశారు.

"పోనీ," అన్నారు చెమట తుడుచుకుంటూ, "ముందుగా నీ అనుభవమును ధ్రువీకరించి, పై అధికారులకు నివేదిస్తాను. నీవు చేపలు పట్టగా చూసిన సాక్షులు కావాలి."

"నేను సూసినాను బాబూ, ఇరవై ఏళ్లు ఒకే తెప్పలో..." అని దేసయ్య తడిబట్టలతో ముందుకొచ్చి, నాలిక కరుచుకున్నాడు. సముద్రంలో వేటే ఎరగనని సంతకం పెట్టినవాడు సముద్రంలో జరిగింది ఎలా చూస్తాడు! ఊళ్లో సాక్షులు లేరు. మార్గదర్శకాల్లో ఇక మిగిలింది ఒక్కటే దారి. అనుభవాన్ని గెజిటెడ్ అధికారి ఎవరైనా స్వయంగా కళ్లారా చూసి ధ్రువీకరించాలి. ఆ తీరం మొత్తం మీద గెజిటెడ్ అధికారి ఒక్కరే ఉన్నారు.

ఏడీ గారు సముద్రం వైపు చూశారు. సముద్రం మామూలుగానే ఉంది.

"ఈత వచ్చా బాబూ?" అన్నాడు కోర్లయ్య.

"అట్టి అవసరము ఇంతవరకు ఏర్పడలేదు," అన్నారు ఏడీ గారు.

పరిశీలన నిమిత్తం ఒక్క పూటకి నంబరు లేని తెప్పని అనుమతిస్తున్నట్టు ఆయనే కాగితం రాసుకుని, ఆయనే సంతకం పెట్టుకున్నారు. తెప్ప ఎక్కబోతుంటే హేమసుందర్ పరిగెత్తుకొచ్చి, "సార్, మొదటిసారి సముద్రంలోకి వెళ్లే ప్రతివాళ్లూ ఫారం నింపాలి సార్" అన్నాడు. ఏడీ గారు మోకాలి మీద పెట్టుకుని నింపారు. ఏడో గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. అక్కడ 'లేదు' అని ఉంది. అంత కట్ట కాగితాల్లో ఆ మాట నిజమైంది ఆ ఒక్క కాగితంలోనే.

అలలు దాటేదాకా ఏడీ గారు కళ్లు తెరవలేదు. దాటాక రెండుసార్లు వాంతి చేసుకున్నారు. కోర్లయ్య ఆయన వీపు రాసి, అల్లం ముక్క చేతిలో పెట్టాడు. "దూరంగా సూడండి బాబూ. నీల్లేపు సూడకండి, కొండేపు సూడండి. కొండ నడుమ పల్లముంది సూడండి, అదే కొండ గొంతు. దాని మీదకి ఊరి నీల్ల టాంకీ రావాల. సరుగుడు తోట కొస వచ్చి ఈ పక్కనున్న గుడి మీద కూకోవాల. అప్పుడు మన కింద రాతిగుట్ట ఉంటాది. సేపలుండీది ఆడే."

ఏడీ గారు చూశారు. కాసేపటికి ట్యాంకు జరిగి జరిగి సరిగ్గా కొండ గొంతు మీదకి వచ్చి కూర్చుంది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ట్యాంకు పక్కనుంచే ఆఫీసుకి వెళ్తున్నారు.

కోర్లయ్య గాలాల డబ్బా తెరిచాడు. చిన్నవీ పెద్దవీ, కొన్ని తుప్పు పట్టినవీ, ఒకటి తండ్రి నాటిదీ. ఏడీ గారు, "ప్రామాణిక గాలము ఏడో నంబరు కదా?" అన్నారు.

"అది తొట్టిలో బాబూ. ఈడ నీల్లనడగాల." కోర్లయ్య చెయ్యి నీళ్లలో ముంచి కాసేపు ఉంచాడు. "వారపోటు గట్టిగా నడుస్తంది. సీసం గుండు బరువైంది కట్టాల. నీరు మసగ్గా ఉంది. పెద్ద గాలమైనా సేపకి కనపడదు." ఒక గాలం తీసి, మొనని బొటనవేలి గోరు మీద అడ్డంగా లాగాడు. అది జారిపోయింది, పక్కన పెట్టేశాడు. ఇంకొకటి లాగితే గోట్లో దిగి ఆగిపోయింది. "ఇదీ. గోరుని పట్టీది సేపని పడతాది. మీరొకటి సూడండి."

ఏడీ గారు నాలుగు గాలాలు గోటి మీద లాగి చూశారు. అయిదోది ఆగింది. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అంతకుముందు ఆయన జీవితంలో సంతకం పెట్టకుండా దేన్నీ ఎంపిక చెయ్యలేదు.

ఎరగా కానాగంత చేప ముక్క గుచ్చి, తాడు వదిలి, కొసని ఏడీ గారి చూపుడువేలి మీదుగా పోనిచ్చాడు కోర్లయ్య. "బిగించకండి, వదిలీకండి. ఇక మాటాడకండి. మీ యేలే సెప్తాది."

చాలాసేపు ఏమీ జరగలేదు. ఏడీ గారు ఒకసారి ఇందుమూలముగా అనబోయి మానేశారు. మరి కాసేపటికి ఆయన వేలు కదిలింది. తర్వాత తాడు రయ్యిన నీళ్లలోకి పరిగెత్తింది.

"అమ్మోయ్! లాగేత్తంది కోర్లయ్యా! లాగేత్తందిరో బాబో!"

"లాగనివ్వండి బాబూ! ఇప్పుడు పట్టండి! వదలండి! పట్టండి!"

ఆయన చొక్కా బొత్తాలు తెగాయి. కళ్లజోడు తెప్ప అడుగున పడింది. వేలు కోసుకుని రక్తం కారుతున్నా ఆయనకి తెలియలేదు. మూరెడు పొడవున్న వంజరం తెల్లగా మెరుస్తూ పైకొచ్చి తెప్పలో పడి ఎగిరెగిరి పడుతుంటే, ఆయన దాని పక్కనే చతికిలబడి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. కోర్లయ్యకీ నవ్వాగలేదు. ఈయన గొంతులో అచ్చం గుల్లరేవు మాటే పలికిందే అని ఆశ్చర్యపోయాడు. ఏ ఊరు బాబూ మీది అని అడిగితే, పక్క జిల్లాలో ఒక రేవు పేరు చెప్పి, "మా తాత వేటకెళ్లీవాడు. నన్ను మాత్రం బాగా చదువుకోమన్నారు" అన్నారు ఏడీ గారు. కోర్లయ్య తెప్పని ఒడ్డువైపు తిప్పాడు.

మధ్యాహ్నానికి ఒడ్డు చేరారు. అరవై ఒక్క తెప్పలూ అలాగే ఎదురుచూస్తున్నాయి. మసేనమ్మ ముందు మొగుణ్ణి చూసింది. ఆయన ముఖం చూడగానే ఆవిడ ముఖం విచ్చుకుంది. హేమసుందర్ నివేదిక పట్టుకుని ఎదురొచ్చాడు.

"సార్, మీ ఫారంతో కలిపితే సరిగ్గా మూడు వందలు సార్! లక్ష్యం పూర్తయింది!"

ఏడీ గారు వేలికి జేబురుమాలు చుట్టుకుంటూ ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. పది నెలల్లో రిటైర్మెంటు. ఒక్క లక్ష్యమూ తప్పని సర్వీసు. ఆయన జెండా పక్కన పడేసి, కోర్లయ్య తెప్ప అంచు మీద కూర్చుని, కలం తీశారు. మొట్టమొదట అనుభవ ధ్రువపత్రం రాశారు: 'శ్రీ మైలపల్లి కోర్లయ్య చేపలు పట్టుట నేను కళ్లారా చూచితిని. పట్టించుట వేలారా అనుభవించితిని.' దాని కింద ఉత్తర్వు: 'అనుభవజ్ఞుని తెప్పకు నంబరు నలభై ఒకటి తక్షణమే పునరుద్ధరించడమైనది. సముద్రము ఒక్కటే అయినందున, సదరు అనుభవజ్ఞుడు అందులో ఏ మూల ఉన్ననూ తక్కిన తెప్పలన్నియూ ఆయన పర్యవేక్షణలోనే ఉన్నట్లు భావింపబడును.'

చదివి వినిపించగానే తీరమంతా ఒక్క అరుపు అరిచింది. టోపీలు గాల్లోకి లేచాయి. దేసయ్య నాలుగు సెకన్లలో ముడి వేసుకుని తెప్ప ఎక్కేశాడు. ఎర్ర రంగు డబ్బా ఎవరు తెచ్చారో గానీ, కోర్లయ్య తన నాలుగునీ ఒకటినీ తనే దిద్దుకున్నాడు. తడి ఆరకుండానే తెప్ప నీళ్లలోకి దిగింది. అతను ఎక్కడికి వెళ్తున్నాడని ఎవరూ అడగలేదు.

ఆఫీసుకి పోయిన నివేదిక ఒక్క లైను. 'ప్రారంభకుల లక్ష్యం: మూడు వందలు. సాధించినది: ఒకటి.' డైరెక్టరు గారు సంజాయిషీ అడిగారు. ఏడీ గారు ఆ సంజాయిషీ కూడా రాశారు గానీ, అందులో సగం పైగా వంజరం గురించే ఉందని చెప్పుకుంటారు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే జీపు లేకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, త్రివిక్రమరావు గారు గుల్లరేవు ఇసుకలో నడిచొచ్చారు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో కొత్త గాలం. బజారంతా తిరిగి, కొట్టువాడు విసుక్కునేదాకా గోటి మీద లాగి లాగి ఎంచుకున్నదట.

కోర్లయ్య దాన్ని తన గోటి మీద ఒకసారి లాగి చూశాడు. ఆగింది. తలూపాడు. తర్వాత వెనక్కి ఇస్తూ, ముఖం గంభీరంగా పెట్టి, దరఖాస్తు చదివినట్టు అడిగాడు.

"ఇంతకుముందు సముద్రంలో సేపలు పట్టిన అనుభవం?"

ఏడీ గారు వేలి మీది మచ్చ చూసుకున్నారు. "ఒకటి," అన్నారు.

"ఒకటంటే మొదలెట్టినట్టే బాబూ," అన్నాడు కోర్లయ్య. "ఎక్కండి."